రన్నర్ ఎండ్‌లో తొండి ఎవరిది?

ఆటలో తొండి జరిగిందన్న గొడవ యుద్ధం దాకా పోయిన సీమ మాది. నాగమ్మకీ బ్రహ్మనాయుడికీ కోడిపందెం, ఓడినవాళ్ళకి ఏడేళ్ళ వలస, ఆ తర్వాత కారంపూడిలో నెత్తురు. పల్నాట్లో పుట్టినవాడికి ఈ కథ ఎవరూ కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు. అందుకేనేమో క్రికెట్లో ఎవరన్నా "రూల్ ప్రకారం కరెక్టే గానీ ధర్మం కాదు" అన్నారంటే నాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. (ఊరి పేరే వినుకొండ, వినకుండా ఎలా ఉంటాం!)

విషయం మన్కడింగ్. క్రికెట్ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో: బౌలర్ బంతి వెయ్యబోతున్నాడు. బౌలర్ పక్కన నిలబడ్డ బ్యాట్స్‌మన్, అంటే మన గల్లీ భాషలో రన్నర్, బంతి చేతిలోంచి వదలకముందే క్రీజు దాటి ముందుకి పోయాడు. బౌలర్ ఆగి బెయిల్స్ ఎగరగొడితే వాడు రనౌట్. అంతే. దీని మీద దాదాపు ఎనభై ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు.

1947 చివర్లో, స్వాతంత్ర్యం వచ్చిన కొన్ని నెలలకే, మన జట్టు మొదటిసారి ఆస్ట్రేలియా టూర్‌కి వెళ్ళింది. కెప్టెన్ లాలా అమర్‌నాథ్. (సి.కె.నాయుడి తమ్ముడు సి.ఎస్.నాయుడు కూడా ఆ జట్టులో ఉన్నాడు.) నవంబరులో సిడ్నీలో ఆస్ట్రేలియన్ ఎలెవన్‌తో మ్యాచ్. బ్రాడ్‌మన్ తన వందో ఫస్ట్‌క్లాస్ సెంచరీ కొట్టిన మ్యాచ్ అదే. అందులో బిల్ బ్రౌన్ బంతి పడకముందే క్రీజు వదులుతుంటే వినూ మన్కడ్ ఒకసారి హెచ్చరించాడు. బ్రౌన్ మళ్ళీ అదే పని చేశాడు, మన్కడ్ ఔట్ చేశాడు. డిసెంబర్ 13న, అదే సిడ్నీలో, రెండో టెస్టులో బ్రౌన్ మళ్ళీ బయటికి పోయాడు. 18 పరుగుల దగ్గర మన్కడ్ మళ్ళీ ఔట్ చేశాడు. ఈసారి హెచ్చరికలేం లేవు. నెల తిరక్కుండా ఒకే మనిషి, ఒకే గ్రౌండు, ఒకే తప్పు. కొత్తగా ఇంకేం చెప్తాడు?

ఆస్ట్రేలియా పత్రికల్లో కొందరు మన్కడ్ క్రీడాస్ఫూర్తి గురించి ప్రశ్నలేశారు. ఆ గొడవలో మన్కడ్ పక్షాన గట్టిగా నిలబడింది ఎవరో తెలుసా? అవతలి కెప్టెన్ బ్రాడ్‌మన్. రన్నర్ లోపల ఉండాలని నిబంధనే చెప్తున్నప్పుడు, ముందే బయల్దేరి అన్యాయంగా లాభం పొందుతున్నవాణ్ణి ఔట్ చేస్తే బౌలర్ని తప్పుపట్టడమేమిటని తన ఆత్మకథలోనే రాశాడు. ఔటైనవాడు తన సొంత ఓపెనర్ అని మర్చిపోకండి.

అయినా పేరు మాత్రం మన్కడ్‌దే నిలిచిపోయింది. ఆ పని మొదట చేసింది ఆయనేమీ కాదు, 1835లోనే థామస్ బార్కర్ అనే ఇంగ్లీషు బౌలర్ చేశాడు. దాన్ని 'బార్కరింగ్' అనలేదు. దొంగతనం జరిగితే పట్టుకున్నవాడి పేరు ఎవరన్నా పెడతారా? గవాస్కర్ ఎన్నోసార్లు అన్నాడు, పెడితే బ్రౌన్ పేరు పెట్టాలని. మెల్‌బోర్న్‌లో రెండు సెంచరీలు కొట్టి వచ్చిన మనిషి పేరు ఒక తిట్టుగా మిగలడం నాకైతే మింగుడుపడదు.

ఇలా ఎందుకు జరిగిందో మా ఊళ్ళో ఆడినవాడికి తేలిగ్గా అర్థమవుతుంది. కొండ కింద టెన్నిస్ బాల్ మ్యాచ్‌లలో అంపైర్ ఎవరు? బ్యాటింగ్ టీమ్‌లో ఖాళీగా ఉన్నవాడు. వైడ్ అడిగితే చేతులు చాపుతాడు, ఎల్బీ అడిగితే చెట్టు వైపు చూస్తాడు. రన్నర్ పిచ్ మధ్య దాకా నడుచుకుంటూ పోయినా వాడికి కనపడదు. బౌలర్ వికెట్లు కొడితే మాత్రం వెంటనే నోరు లేస్తుంది: "ముందు వార్నింగ్ ఇవ్వాలి కదరా, తొండి!" ఆ వార్నింగ్ ఏ రూల్ పుస్తకంలోనూ లేదు. అడిగితే "ఎప్పట్నుంచో అంతే" అంటారు. ఆఫీసులో డాక్యుమెంట్ చెయ్యని బిజినెస్ లాజిక్ లాంటిదన్నమాట. ఎవరు పెట్టారో తెలీదు, తీసేస్తే మాత్రం ఎస్కలేషన్.

క్రికెట్ ధర్మానికి కూడా చాలాకాలం అంపైర్ బ్యాటింగ్ టీమ్ వాడే అని నా అనుమానం. ఇంగ్లండులో 1806 నుంచి 1962 వరకు 'జెంటిల్‌మెన్' వర్సెస్ 'ప్లేయర్స్' అని మ్యాచ్‌లు జరిగేవి. జెంటిల్‌మెన్ అంటే డబ్బు తీసుకోకుండా ఆడే దొరలు. ప్లేయర్స్ అంటే కూలికి ఆడేవాళ్ళు. డ్రెస్సింగ్ రూములు వేరు, గ్రౌండులోకి వచ్చే గేట్లు వేరు. దొరలు ఎక్కువగా బ్యాటింగే ఇష్టపడేవాళ్ళు, ఎండలో బౌలింగ్ చాకిరీ చాలావరకు కూలివాళ్ళది. మన దగ్గరా అంతే. పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బులో పల్వాంకర్ బాలూ వందలకొద్దీ గంటలు దొరలకి బౌలింగ్ వేశాడు. ఒక్కసారి కూడా బ్యాట్ చేతికివ్వలేదని ఆయన చెప్పుకున్నట్టు రామచంద్ర గుహ రాశాడు. ఆ దళిత బౌలరే 1911లో ఇంగ్లండ్ టూర్‌లో వందకి పైగా వికెట్లు తీశాడు. ధర్మాన్ని ఎవరు రాస్తారు, ఎవరికి వర్తింపజేస్తారు అన్న ప్రశ్న జాషువాగారు పుట్టిన ఊరివాణ్ణి కాబట్టి నాకు కొంచెం తొందరగా తడుతుందనుకోండి.

మొత్తం బ్యాట్స్‌మన్ల కుట్రే అని తేల్చెయ్యడానికీ లేదు. బ్రాడ్‌మన్ బౌలర్ కాదు కదా. మన హైదరాబాదీ అజహరుద్దీన్ కూడా కాదు. 1992 డిసెంబర్ 9, పోర్ట్ ఎలిజబెత్, దక్షిణాఫ్రికాతో రెండో వన్డే. అప్పటికే హెచ్చరికలు అయిపోయిన పీటర్ కిర్‌స్టెన్‌ని కపిల్‌దేవ్ అలాగే రనౌట్ చేశాడు. కిర్‌స్టెన్ మండిపడుతూ వెళ్ళాడు. కాసేపటికి అవతలి కెప్టెన్ వెసెల్స్ బ్యాట్ కపిల్ కాలికి తగిలింది. కావాలనే కొట్టాడని మనవాళ్ళ ఆరోపణ. వర్ణవివక్ష నిషేధం ముగిశాక దక్షిణాఫ్రికాకి వెళ్ళిన మొదటి టూర్, స్నేహయాత్ర అని పేరు! అయినా కెప్టెన్ అజహర్ అప్పీల్ వెనక్కి తీసుకోలేదు. అజ్జూ మీద తర్వాత ఎన్ని గొడవలు వచ్చినా, ఆ రోజు తన బౌలర్ని ఒంటరిగా వదల్లేదు.

2012 ఫిబ్రవరిలో బ్రిస్బేన్‌లో అలా జరగలేదు. అశ్విన్ శ్రీలంక తిరిమన్నేని ఔట్ చేశాడు. సెహ్వాగ్ సచిన్‌తో మాట్లాడి అప్పీల్ వెనక్కి తీసుకున్నాడు. మనం ఆ మ్యాచ్ ఓడిపోయాం. పోనీ దాన్ని పెద్దమనసు అనుకుందాం. పెద్దమనసుకి అసలు ఉదాహరణ 1987 ప్రపంచకప్, లాహోర్: ఆఖరి ఓవర్లో సలీం జాఫర్ క్రీజు బయట ఉన్నా కోర్ట్నీ వాల్ష్ కొట్టకుండా హెచ్చరించి వదిలేశాడు. ఆఖరి బంతికి పాకిస్తాన్ గెలిచింది. వెస్టిండీస్ సెమీస్‌కి వెళ్ళలేదు. వాల్ష్‌కి చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆయన ఇచ్చింది దానం. దాన్ని ప్రతి బౌలర్ దగ్గరా బాకీలాగా వసూలు చేస్తామంటే ఎలా?

ఇక జోస్ బట్లర్ సంగతి. 2014 జూన్‌లో ఎడ్జ్‌బాస్టన్‌లో సేనానాయకే హెచ్చరించి మరీ ఔట్ చేశాడు. 2019 మార్చి 25న జైపూర్ ఐపీఎల్ మ్యాచ్‌లో అశ్విన్ మళ్ళీ ఔట్ చేశాడు. ఈసారి అశ్విన్ తనే కెప్టెన్, వెనక్కి తీసుకోమనే పెద్దలెవరూ లేరు. తిట్లన్నీ అశ్విన్‌కే.

లెక్క చూద్దాం. క్రీజు నుంచి క్రీజుకి 58 అడుగులు. మూడడుగులు ముందే పోతే పరుగులో దాదాపు ఇరవయ్యో వంతు ఊరికే వచ్చినట్టు. రనౌట్లు అంగుళాల్లో తేలే ఆటలో ఇది చిన్న విషయం కాదు. అదే బౌలర్ కాలు అర అంగుళం దాటితే నోబాల్, వన్డేల్లో ఫ్రీ హిట్, కెమెరా పెట్టి మరీ చూస్తారు. ఒకడికి అంగుళాల్లో చట్టం, ఇంకొకడికి గజాల్లో స్ఫూర్తి.

చివరికి 2022 అక్టోబర్ 1 నుంచి ఎంసీసీ ఈ నిబంధనని 'అన్యాయమైన ఆట' అనే 41వ నిబంధన నుంచి తీసి, రనౌట్ గురించిన 38లో పెట్టింది. పని అదే, ఫోల్డర్ మారింది. బగ్స్ లిస్టులోంచి ఫీచర్స్‌లోకి. బౌలర్‌కీ హద్దు ఉంది లెండి: బంతి వదలాల్సిన క్షణం దాటాక కొడితే చెల్లదు. 2023 జనవరిలో మెల్‌బోర్న్‌లో ఆడమ్ జంపా చెయ్యి అప్పటికే తిరిగిపోయిందని నాటౌట్ ఇచ్చారు.

ఆ మార్పు అమల్లోకి రావడానికి వారం ముందు, సెప్టెంబర్ 24న, లార్డ్స్‌లో ఝులన్ గోస్వామి ఆఖరి మ్యాచ్. ఇంగ్లండ్‌కి చివరి వికెట్ మిగిలింది, ఇంకా 17 పరుగులు కావాలి. 47 కొట్టి ఊపు మీదున్న చార్లీ డీన్‌ని దీప్తి శర్మ రనౌట్ చేసి మ్యాచ్ ముగించింది. హర్మన్‌ప్రీత్ వెనక్కి తగ్గలేదు. తర్వాత ఒక విలేకరి వీడియో మొత్తం చూసి లెక్కపెట్టాడు: ఆ ఇన్నింగ్స్‌లో అప్పటికే డీన్ 72 సార్లు ముందుగా క్రీజు వదిలింది. ఇంగ్లండ్ పత్రికల్లో చాలారోజులు నడిచిన చర్చ మాత్రం డెబ్బైమూడోసారి గురించే.