స్కోర్‌కార్డు అడుగున గులాం అహ్మద్

మా కోరుట్లల టెన్నిస్ బంతి మ్యాచ్‌లల్ల స్పిన్ వేస్తా అంటే నవ్వెటోళ్లు. జగిత్యాల టీం వచ్చినా, మేం సిరిసిల్లకు పోయినా అదే కథ: స్పీడున్నోనికే బంతి.

అందుకేనేమో, హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ పేరు నాకు ఉద్యోగంలో చేరాక గానీ తగల్లేదు. 22 టెస్టులు, 68 వికెట్లు. చూడ్డానికి మామూలు లెక్క. పాత స్కోర్‌కార్డులు, ఆఫీసులో లాగ్ ఫైళ్లు చదివినట్టు, వరుసపెట్టి చదివితే ఒక సంగతి పట్టుబడింది: ఆయన బాగా వేసిన మ్యాచ్‌లు దాదాపు అన్నీ ఇంకెవరి పేరుమీదనో మిగిలిపోయాయి.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగి హైదరాబాద్ సంస్థానం ఇండియా చేతికొచ్చింది. మా ఊళ్లూ అప్పటిదాకా ఆ సంస్థానంలోవే. అదే డిసెంబర్ 31న కలకత్తాలో, వెస్టిండీస్ మీద, గులాం తొలి టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లోనే నాలుగు వికెట్లు. కానీ ఆ మ్యాచ్ ఎవర్టన్ వీక్స్‌ది: రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు, దాంతో వరుసగా ఐదు!

1952 ఫిబ్రవరిలో మద్రాసులో ఇండియా మొట్టమొదటి టెస్టు గెలిచింది. రెండో ఇన్నింగ్స్‌లో మన్కడ్‌కు నాలుగు, గులాంకూ నాలుగు. అయితే మన్కడ్ మొదటి ఇన్నింగ్స్‌లో ఎనిమిది తీశాడు. ఇక వేరేవాళ్ల పేరెవరికి గుర్తుంటుంది? జూన్‌లో లీడ్స్‌లో 63 ఓవర్లు వేసి వంద పరుగులకు ఐదు వికెట్లు పడగొట్టాడు. ఆ టెస్టు అనగానే లోకానికి గుర్తొచ్చేది మాత్రం ట్రూమన్ ధాటికి మనవాళ్ల స్కోరు సున్నాకి నాలుగు వికెట్లు.

నాకు ఎక్కువ బాధనిపించేది 1956 నవంబర్, కలకత్తా. ఆ ఎండాకాలమే ఇంగ్లండ్‌లో జిమ్ లేకర్ ఆఫ్ స్పిన్‌కు కుప్పకూలిన ఆస్ట్రేలియా ఇది. గులాం 49 పరుగులకు ఏడుగుర్ని ఔట్ చేశాడు, మ్యాచ్ మొత్తం మీద పదిమందిని. మనం రెండుసార్లూ 136కే ఆలౌట్. బెనో 11 వికెట్లతో గెలిపించుకుపోయాడు. లేకర్ పేరు ఇంగ్లండ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మనోడి ఏడు వికెట్లు మనకే తెలియవు.

రంజీలో అయితే 1950-51లో హోల్కర్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశాడు. 245 పరుగులిచ్చి నాలుగు వికెట్లు. ఇప్పటి ఐపీఎల్ బౌలర్‌కు మ్యాచ్‌కు నాలుగు ఓవర్ల చొప్పున అది 23 మ్యాచ్‌ల పని. ఈ లెక్క వేసుకున్నాక కాసేపు స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నా.

1958-59 సిరీస్‌లో వెస్టిండీస్ మీద కెప్టెన్‌గా రెండు టెస్టులాడి తప్పుకున్నాడు. తర్వాత బోర్డు సెక్రటరీ అయ్యాడు. 1983 ప్రపంచకప్ జట్టును ఎంపిక చేసిన సెలెక్టర్ల ఛైర్మన్ కూడా ఆయనే. లార్డ్స్ ఫోటోలో మనం చూసేది కపిల్‌ని.