నేతగాని రాబడి

మగ్గము చప్పుడు ఎంత జోరుగా వినవచ్చిన ఆ యింట అంత కలిమి యున్నదని పలువురు తలంతురు. తెలుగుదేశపు నేతచరిత్ర చూచిన మాకు అట్లు తోచదు. నూలు ఎవరి సొమ్ము, గుడ్డ కొనువారెవరు అను రెండు సంగతులే చేతి నేర్పుకంటె ఎక్కువగా నేతగాని రాబడిని నిర్ణయించుచు వచ్చినవి.

పదునెనిమిదవ శతాబ్దిలో మచిలీబందరు, మాధవాయపాలెము, ఇంజరములయందు ఇంగ్లీషు కంపెనీవారి కోఠీలు ఉండెను. సీమకు పోయిన ఒకరకపు గుడ్డకు మాధవాయపాలెము పేరే స్థిరపడి, ఇంగ్లీషువారి నోట ‘మడపొల్లం’ అయినది. ఊరి పేరు లోకమెల్ల తిరిగినది గాని, నేసినవానికి మిగిలినది స్వల్పము. కంపెనీవారు ముందుగా బయానా ఇచ్చెడివారు. చేతిలో చిల్లిగవ్వ లేనివానికి ఆ రొక్కము వరమువలె కనబడెడిది. కాని బయానా పుచ్చుకొన్నవాడు ఆ సరకు తీరువరకు మరియొకరికి నేయగూడదు. గుడ్డ కోఠీకి చేరిన పిమ్మట దాని తరగతి నిర్ణయించువారును కంపెనీవారే. మేలు తరగతికని నేసినది క్రింది తరగతిలో పడెనా, ధర తగ్గి బాకీ మిగులును. బాకీ ఉన్నంతకాలము మగ్గము వారిదే! ఫ్రెంచివారును డచ్చివారును పోటీపడి బేరమాడినంతకాలము నేతగానికి కొంత పట్టు ఉండెను. 1766లో నిజాముతో ఒడంబడికయై ఉత్తర సర్కారులు కంపెనీ వశమైన పిదప కొనువాడును పాలించువాడును ఒక్కడే అయ్యెను.

1833 చార్టరు చట్టముతో కంపెనీ వర్తకము ముగిసినది. కట్టు తెగినదని సంతసింపవలసినదే కాని, దానితోపాటు గుడ్డ కొనువాడును పోయెను. లంకాషైరు మిల్లుగుడ్డ అప్పటికే రేవులలో దిగుచుండెను. ఆ దినములలోనే, 1832-33లో, గుంటూరుసీమను డొక్కల కరవు పట్టినది. కరవులో నేతగానికి రెండు దెబ్బలు: ధాన్యము ధర పెరుగును, ఆ ధరకు ధాన్యము కొన్నవాడు గుడ్డ కొనడు. ఇవి చాలవన్నట్లు మొహతర్ఫా అను వృత్తిపన్ను మద్రాసు రాజధానిలో 1861 వరకును తొలగలేదు.

అయినను చేనేత చావలేదు. మిల్లునూలునే తెచ్చుకొని నిలిచినది. అయితే నూలు ధర ఎక్కడో నిర్ణయమగును, ఎక్కినప్పుడు గుడ్డ ధర వెంటనే ఎక్కదు. సొంతముగా నూలు కొనలేనివాడు సావుకారు ఇచ్చిన నూలు నేసి కూలి తీసికొనవలసివచ్చెను. వెనుకటి బయానా వేషము మార్చుకొని వచ్చినదని మాకు తోచుచున్నది.

ఆ కూలియైనను మగ్గముపై కూర్చున్న ఒక్కనిదే. కండెలు చుట్టు ఇల్లాలు, పడుగుకు చేయిసాయము పట్టు ముసలివారు లెక్కలోనికి రారు. వానకాలమున వీధిలో పడుగు సాచి గంజి పెట్టుటకు వీలుండదు. గుంటమగ్గములోనికి నీరు ఊరును. పని సాగని ఆ దినములకు కూలి లేదు గనుక, ఇల్లు గడచుటకు మరల ఆ సావుకారునొద్దకే పోవలసియుండెను.