ఇంధన ఘటాల పరిశోధన (సికింద్రాబాద్)
సికింద్రాబాద్ చేరువలోని తార్నాకలో ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) ఇంధన ఘటాల రంగంలో డాక్టరేట్ పరిశోధనకు ముఖ్య కేంద్రం. 1944లో నిజాం కాలంలో మొదలైన ఈ సంస్థ సూక్ష్మజీవ ఇంధన ఘటాలపై చేసిన కృషి చెప్పుకోదగ్గది. మురుగునీటిలోని సేంద్రియ పదార్థాన్ని బ్యాక్టీరియా విచ్ఛిన్నం చేసినప్పుడు వెలువడే ఎలక్ట్రాన్లు ఆనోడ్ నుంచి తీగ గుండా కాథోడ్‌కు ప్రవహిస్తాయి. ప్రోటాన్లు మధ్యనున్న పొర గుండా అక్కడికే చేరి ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. నీరు శుభ్రపడుతూనే కరెంటు పుడుతుంది. అయితే దిగుబడి ఇంకా స్వల్పం. ఎలక్ట్రోడ్లను, పొరలను మెరుగుపరచడంలోనే కొత్త పరిశోధకులకు అసలైన పని ఉంది.

ఇక్కడి డాక్టరేట్ పట్టాను శాస్త్రీయ, నవీన పరిశోధనల అకాడమీ (ఏసీఎస్ఐఆర్) ఇస్తుంది. జాతీయ అర్హత పరీక్ష (నెట్)లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) సాధించినవారికి 2023 నుంచి తొలి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపై రూ.42,000 అందుతుంది. డాక్టరేట్ తర్వాత రీసెర్చ్ అసోసియేట్‌గా కొనసాగవచ్చు. హైడ్రోజన్ ఘటాలపై ఆసక్తి ఉన్నవారు గమనించాల్సిన సంగతి: పౌడర్ మెటలర్జీ, కొత్త పదార్థాలపై పరిశోధించే ఏఆర్‌సీఐ సంస్థ ప్రధాన కేంద్రం హైదరాబాద్‌లోని బాలాపూర్‌లోనే ఉన్నా, దాని ఇంధన ఘటాల విభాగం చెన్నైలో ఉంది.