మూత్రపిండం వెలుపలి విల్మ్స్ కణితి

చిన్నపిల్లల మూత్రపిండంలో పుట్టే క్యాన్సర్ విల్మ్స్ కణితి (నెఫ్రోబ్లాస్టోమా). 1899లో దీన్ని విపులంగా వర్ణించిన జర్మన్ శస్త్రవైద్యుడు మాక్స్ విల్మ్స్ పేరే దీనికి స్థిరపడింది. రెండు మూత్రపిండాలూ ఆరోగ్యంగా ఉండగానే ఇదే కణితి మరోచోట పుడితే 'మూత్రపిండం వెలుపలి విల్మ్స్ కణితి' అంటారు. ఇది అత్యంత అరుదు.

పుట్టుక: పిండదశలో మూత్రపిండంగా మారాల్సిన కణాలు కొన్ని దారిలోనే మిగిలిపోయి, తర్వాత కణితిగా పెరుగుతాయని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం. పొట్ట వెనుక భాగం, గజ్జలు, వృషణకోశం, గర్భాశయం, నడుము కింది భాగాల్లో ఇది కనిపిస్తుంది.

నిర్ధారణ: స్కానింగ్‌లో మూత్రపిండాలు మామూలుగానే ఉంటాయి. అసలు సంగతి తేల్చేది కణితి ముక్క పరీక్షే (బయాప్సీ). సూక్ష్మదర్శిని కింద ముదురు నీలి రంగులో కిక్కిరిసిన గుండ్రటి కణాలు, వాటి నడుమ ఎదుగుదల సగంలో ఆగిపోయిన మూత్రనాళికల్లాంటి గొట్టాలు, చుట్టూ సంయోజక కణజాలం కనిపిస్తాయి.

చికిత్స: శస్త్రచికిత్స, విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్-డి వంటి మందులు, అవసరమైతే డాక్సోరుబిసిన్, రేడియేషన్.

అనంతగిరి ప్రాంతం: అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ కొండ మండలంలో బిడ్డకు ఇలాంటి కణితి ఉందని అనుమానం వస్తే, పెద్ద వైద్యానికి ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం వెళ్లాలి. అక్కడ కింగ్ జార్జి ఆసుపత్రి, అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రానికి చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. బిడ్డకు నీళ్లు పోసేటప్పుడు పొట్టలోనో గజ్జల్లోనో గడ్డ చేతికి తగిలితే, నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. దాన్ని నలపకుండా, పసరు కట్టకుండా వెంటనే వైద్యుడికి చూపించాలి. తొలిదశలో అందే వైద్యమే బిడ్డకు రక్ష.