కవిలెలు (ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం)

కవిలె అంటే గ్రామ కరణం ఊరి భూములు, శిస్తు, మాన్యాల లెక్కలు రాసి భద్రపరిచిన తాటాకుల కట్ట. దక్షిణ అమెరికాలో లిపి లేని ‘ఇంకా’ సామ్రాజ్యం నూలుతాళ్ళ ముడులలో లెక్కలు దాచి, పరుగరులతో కబురంపేది. ముక్త్యాల, జగ్గయ్యపేట, నందిగామ ఊళ్ళలో ఆ పనులు కరణం గంటానికీ, ఊరి సేవకుడైన వెట్టివాడి కాళ్ళకూ దక్కాయి.

ఈ ప్రాంతపు పాత రాతల్లో జగ్గయ్యపేట బౌద్ధస్తూపం వద్ద దొరికిన ప్రాకృత శాసనం ఒకటి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరం నాటిది. అయితే అది దానశాసనమే గాని కచేరీ లెక్క కాదు. కాకతీయ, రెడ్డి రాజుల కాలాల్లోనూ కరణాలున్నారు. గోల్కొండ సుల్తానులు వారిపైన దేశపాండ్యాలను, దేశముఖులను నిలిపారు. వాసిరెడ్డి వంశం నందిగామ పరగణా దేశముఖులుగానే పైకొచ్చింది.

ఆ వంశంలో పేరుమోసిన వెంకటాద్రి నాయుడు 1783 నుంచి 1816 వరకు ఏలాడు. చింతపల్లి వదిలి అమరావతిని కట్టించాడు. బేతవోలుకు తండ్రి పేర జగ్గయ్యపేట అని పేరు పెట్టాడు. ఆయన ఏలుబడిలోనే కంపెనీవారు 1802లో 25వ రెగ్యులేషన్‌తో శాశ్వత పైసలా చేశారు. అదే ఏడు 29వ రెగ్యులేషన్ కరణం విధులను చట్టానికెక్కించింది. కరణం ఉద్యోగం మాత్రం వంశపారంపర్యంగానే సాగింది. కనుక కట్ట ఎవరి ఇంట ఉంటే ఊరి గుట్టు వారి చేతిలో ఉండేది.

కవిలెల అసలు విలువ గుర్తించినవాడు సర్వేయరు కాలిన్ మెకంజీ. ఆయనకు కుడిభుజం ఏలూరికి చెందిన కావలి వెంకట బొర్రయ్య. పాత లిపులను ఓర్పుగా చదవడంలో అసాధారణ ప్రజ్ఞావంతుడు. 1803లో ఇరవై ఏడేళ్ళకే కన్నుమూశాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. మాన్యాలు పోతాయన్న భయంతో కరణాలు కట్టలు విప్పడానికి వెనుకాడేవారు. వారిని బతిమాలి రాయించుకున్న గ్రామ చరిత్రలే కైఫియత్తులు. 1815లో మెకంజీ భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో మరణించాడు. తర్వాత సి.పి. బ్రౌన్ శిథిలమవుతున్న ప్రతులకు నకళ్ళు తీయించాడు.

తర్వాతి నూరేళ్ళలో తాటాకు పోయి కాగితం వచ్చింది. అడంగలు లెక్కలో పంట, 10(1) లెక్కలో పట్టాదారు వివరం, ఏటా జమాబందీలో తనిఖీ. జూలైతో మొదలయ్యే ఫసలీ సంవత్సరమే లెక్కకు ఆధారం. తాలూకా తపాలా వెట్టివాడు మోసుకొచ్చేవాడు, ఊరికి తెలియవలసింది టముకుతో చాటేవారు. జమీందారీలు 1948 చట్టంతో రద్దయ్యాయి. కరణం, మునసబు పదవులను ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరి 6 నాటి ఆర్డినెన్సుతో తీసివేసింది. సుప్రీంకోర్టు మరుసటి ఏడు దాన్ని సమర్థించింది.

మెకంజీ సేకరించిన తెలుగు కైఫియత్తులలో చాలా భాగం చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉంది.