మా పెద్దబాపు రివాల్వరూ, తమ్ముడి హోల్‌స్టరూ

మొన్న దసరాకి కరీంనగర్ వెళ్ళినప్పుడు మా పెద్దబాపు చిన్నకొడుకు ఒక చిత్రమైన పని అప్పజెప్పాడు. "అన్నా, నువ్వు నెట్ల అన్నీ చూస్తవు గద. నాకొక మంచి రివాల్వర్ జెప్పు. అంగి కింద కనబడొద్దు. దానికి హోల్‌స్టర్ గూడ." భూమి తగాదా ఒకటి నడుస్తోంది, ఫోన్లో బెదిరింపులు వచ్చాయట. నవ్వులాట కాదని వాడి మొహం చూస్తేనే తెలిసింది.

సెల్‌ఫోన్ కొనాలన్నా ఎక్సెల్ షీట్ వేసే జాతి కదా మనది, దీనికీ వేశాను. అమెరికా వీడియోలు చూస్తే ముందు కళ్ళు తిరుగుతాయి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, అర్హత ఉన్నవాళ్ళకి పర్మిట్ కూడా అక్కర్లేదు. వాళ్ళ బాధల్లా వందల మోడళ్ళలో ఏది కొనాలనే. మనకా గొడవ లేదు. 9 ఎం.ఎం., .38 లాంటివి పోలీసులవీ, సైన్యానివీ, మామూలు మనిషికి ఇవ్వరు. మిగిలేది ముఖ్యంగా .32. అందులో తేలికైనది కాన్పూర్‌లో తయారైన నిర్భీక్ రివాల్వర్, అర కిలో బరువు, ఆరు తూటాలు. 2014లో వచ్చినప్పుడు ధర సుమారు 1.22 లక్షలు. హోల్‌స్టర్ సంగతి ఇంకా సులువు: ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోవాలి, వంగినా పరుగెత్తినా జారకూడదు, బెల్టు గట్టిగా ఉండాలి. ఇంకో విశేషం... మన 2016 ఆయుధ నియమాల ప్రకారం బయటికి తీసుకెళ్ళే తుపాకీ పూర్తిగా కప్పి ఉండాలి. అంటే కనబడకుండా పెట్టుకోవడం ఇక్కడ ఫ్యాషన్ కాదు, రూలు.

షీటు అక్కడితో అయిపోయేదే. కానీ పెద్దబాపుకి ఒకప్పుడు లైసెన్సు ఉండేదని గుర్తొచ్చింది. అక్కణ్ణించి పని చరిత్రలోకి వెళ్ళిపోయింది.

మా వైపు తుపాకీ అంటే చాలాకాలం గడీలో ఉండే వస్తువు. దొర పేల్చకపోయినా ఫర్వాలేదు, ఉందని ఊరికి తెలిస్తే చాలు. ఎదురు నిలిచినవాళ్ళు ఉన్నారు. 1940లో కొమురం భీం జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల చేతిలో చనిపోయాడు. 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావు హుస్నాబాద్ వైపు మహ్మదాపూర్ దగ్గర చనిపోయాడు. తర్వాత 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర. వేలమంది కూలీలు, రైతులు రోడ్డెక్కితే గడీలో తుపాకీ ఏం చేస్తుంది? చాలామంది దొరలు పట్నం దారి పట్టారు. అక్టోబర్‌లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1980లో పీపుల్స్ వార్ పుట్టింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలోనే 13 మంది చనిపోయారు.

ఇక ఆ రోజుల్లో ఊళ్ళో లైసెన్సు తుపాకీ ఉండటమంటే, దళానికి అడ్రసు ఇచ్చినట్టే. అడవిలో ఉన్నవాళ్ళకి ఆయుధాలు కావాలి, ఎవరింట్లో ఉందో ఊరందరికీ తెలుసు. అందుకే చాలామందిని తుపాకులు ఠాణాలో డిపాజిట్ చెయ్యమనేవారు. పెద్దబాపు అప్పుడు సర్పంచ్. చెయ్యలేదు.

"బిడ్డా, ఆ రాత్రి నలుగురొచ్చిన్రు. 'పటేలా, అది తే' అన్నరు. తెచ్చిచ్చిన."

"నడుముకే ఉంటే?"

"ఉంటె? నేను తీసేలోపు ముందు మీ పెద్దమ్మ సచ్చేది. తెల్లారినంక అది ఎటువాయె అని ఆర్నెల్లు ఠాణా సుట్టు తిప్పిన్రు."

పెద్దవాళ్ళ సంగతీ అంతే. మాజీ స్పీకర్ శ్రీపాదరావుని 1999 ఏప్రిల్ 13న నక్సలైట్లు చంపేశారు. అంతకుముందు హోం మంత్రిగా చేసిన మాధవరెడ్డిని 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరతో చంపారు. ఒకప్పుడు పోలీసు శాఖ మొత్తం ఆయన చేతికిందే ఉండేది!

రెండో వైపు కూడా చూడాలి. 2020 డిసెంబర్ 18న ఆదిలాబాద్ తాటిగూడలో, పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన తగాదాలో ఒక స్థానిక నాయకుడు రివాల్వర్ తీసి కాల్చాడు. గాయపడ్డవాళ్ళలో ఒకరు చనిపోయారు. 2022లో కోర్టు ఆయనకు జీవితఖైదు వేసింది. చేతిలో తుపాకీ లేకపోతే అది ఏ కర్రల కొట్లాటో అయి ఆగేదేమో.

షీట్‌లో ఇంకో కాలమ్ పెట్టాను, "తీసినాక ఏమైతది?" అని. ఏ మోడల్ ఎదురుగానూ రాయడానికి జవాబు దొరకలేదు. తమ్ముడి భయం అబద్ధమని నేననను. హైదరాబాద్‌లో ఏసీ రూములో కూర్చుని వాడికి ధైర్యం చెప్పడం నాకు సులువే. అందుకే షీటుతో పాటు వకీలు నంబరు కూడా ఇచ్చాను. బెదిరింపు ఫోన్ల రికార్డింగులతో ఇద్దరం కలిసి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాం, భూమి సర్వేకి కూడా పెట్టాం.

వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. "నీకేం అన్నా, రాత్రి బండి మీద వచ్చేది నేను గద" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. లైసెన్సు అప్లికేషన్ మాత్రం ఇంతవరకూ ఇవ్వలేదు.

పెద్దబాపు తోలు పౌచ్ ఇంకా బీరువాలోనే ఉంది. అందులో ఇప్పుడు ఆయన కళ్ళద్దాలు పెట్టుకుంటాడు.