రోజుకో రూపాయి నుంచి వారం వారం కిస్తీ దాకా: మన డ్వాక్రా కథ

మీ అమ్మో, పిన్నో, నాయనమ్మో డ్వాక్రా గ్రూపులో ఉండే ఉంటారు. నెలనెలా మీటింగ్, ఒక పాస్‌బుక్, సంతకాలు పెట్టే ఒక పుస్తకం. మనకి మామూలుగానే కనిపిస్తుంది. కానీ దాని వెనక నలభై ఏళ్ల చరిత్ర ఉంది. ఈ రోజు అది చూద్దాం.

డ్వాక్రాని 1982లో కేంద్రం మొదలుపెట్టింది. పల్లెటూరి ఆడవాళ్లని గ్రూపులుగా చేర్చి, చిన్న చిన్న పనులు చేసుకోడానికి డబ్బు సాయం చేయాలన్నది ఆలోచన. మన దగ్గర దానికి అసలు ఊపు పదేళ్ల తర్వాత వచ్చింది. అదీ సారా గొడవతో!

నెల్లూరు జిల్లాలో అప్పుడు అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ కష్టాలు కూడా మాట్లాడుకున్నారు. కూలి డబ్బులు సారా కొట్టుకే పోతున్నాయి. 1992లో దూబగుంట మహిళలు, వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందుండి, ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. అది ఊరూరా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం.

సరే, సారా పోయింది. ఇంట్లో నాలుగు డబ్బులు మిగులుతున్నాయి. వాటినేం చేయాలి? నెల్లూరులో దొరికిన జవాబు పేరు పొదుపులక్ష్మి. రోజుకి ఒక్క రూపాయి దాచడం. అంతే! ఆ కూడిన డబ్బులోంచే అవసరమైన సభ్యురాలికి అప్పు. ఎవరికి ముందు ఇవ్వాలి, వడ్డీ ఎంత అనేది వాళ్లే కూర్చుని తేల్చుకుంటారు. 1992లోనే నాబార్డ్ ఇలాంటి సంఘాలకి బ్యాంకు అప్పులు ఇప్పించే ప్రయోగం మొదలుపెట్టింది. పొలం కాగితాలు, బంగారం అక్కర్లేదు, సంఘమే పూచీ. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో వెలుగు ప్రాజెక్టు వచ్చాక ఈ సంఘాలు గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు అయ్యాయి. గేదె, కుట్టుమిషన్, కిరాణా కొట్టు... ఇలా ఎన్నో ఇళ్లలో ఆడవాళ్ల పేరు మీద ఒక సంపాదన మొదలైంది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. అవే ఊళ్లకి ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. ముందు పొదుపు చేయక్కర్లేదు, మీటింగుల్లో తీర్మానాలు అక్కర్లేదు. ఐదుగురు కలిస్తే చాలు, అప్పు చేతికొస్తుంది. కానీ వారం వారం కిస్తీ. ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీలో అప్పు. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు యాభై దాకా బ్రాంచీలు మూయించారు. అయినా ఆగలేదు.

2010 ఆగస్టులో ఎస్‌కెఎస్ షేర్లు స్టాక్ మార్కెట్‌కి వచ్చాయి. అదే ఏడాది, వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక మహిళలు ప్రాణాలు తీసుకున్నారని వరుసగా వార్తలు. అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం కిస్తీ కాదు, నెలవారీ మాత్రమే. ఇంటి మీదకి వెళ్లి వసూలు చేయకూడదు. దాంతో వసూళ్లు ఆగిపోయాయి, కొత్త అప్పులూ ఆగిపోయాయి. మళ్లీ వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కినవాళ్లూ ఉన్నారు. అదీ నిజమే.

మరి తేడా ఎక్కడొచ్చింది? రెండు చోట్లా గ్రూపే, రెండు చోట్లా ఆడవాళ్లే. పొదుపు సంఘంలో డబ్బు తమది, నిర్ణయం తమది. పక్కింటి అక్క అండగా నిలిచేది. రెండోదాంట్లో నిర్ణయం కంపెనీది. అదే పక్కింటి అక్క కిస్తీ కోసం తలుపు కొట్టాల్సి వచ్చింది. సారా కొట్టు మూయించిన ఐకమత్యాన్ని వసూళ్లకి వాడుకున్నారు.

ఇప్పుడు మన ఫోన్‌లోకి లోన్ యాప్‌లు వచ్చాయి. కట్టకపోతే మన కాంటాక్ట్‌లందరికీ మెసేజ్‌లు పెట్టే యాప్‌ల గురించి వినే ఉంటారు. పద్ధతి ఎక్కడో చూసినట్టు లేదూ? కాబట్టి అప్పు ఎంత తొందరగా వస్తుందని కాదు, మాట ఎవరిది చెల్లుతుందని చూసుకోండి.

ఈసారి అమ్మని అడగండి, వాళ్ల సంఘంలో మొదటి అప్పు ఎవరు తీసుకున్నారో, దాంతో ఏం కొన్నారో. కామెంట్‌లో రాయండి. ఉంటాను మరి.